థీసిస్‌లోంచి పత్రికకు: బరంపురం నుంచి ఒక వ్యాసం ఎలా రాయాలి

మీరు బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, యూనివర్సిటీలో ఇంగ్లీషు. ఇప్పుడు బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజ విహార్‌లో చరిత్రలోనో, భాషాశాస్త్రంలోనో, సోషియాలజీలోనో ఎం.ఏ. ప్రాజెక్టో పీహెచ్‌డీనో చేస్తున్నారు. మీలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మీ దగ్గర రెండు మూడేళ్ల ఫీల్డ్ నోట్సు ఉంటుంది. ఎవరింటి అరుగు మీదో కూర్చుని రాసుకున్నది, ఫోన్‌లో రికార్డు చేసుకున్నది. దాన్నంతా ఇంగ్లీషులో థీసిస్‌గా రాస్తారు. గైడ్ చదువుతారు, ఎగ్జామినర్లు చదువుతారు, ఆ తర్వాత థీసిస్‌లన్నీ దాచే శోధగంగ వెబ్‌సైటులో ఒక పీడీఎఫ్ అవుతుంది. మీకు గంటలకొద్దీ మాటలిచ్చినవాళ్లకు మాత్రం అందులో ఏముందో తెలియదు.

నేను బరంపురం పట్టు నేసే తెలుగు కుటుంబాల మీద పనిచేశాను. వెళ్లిన ప్రతిసారీ ఒక తాతగారు ఒకటే అడిగేవారు: "నా మాటలు ఎక్కడ రాసినావమ్మా, చూపించు." చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ అడగడమే నన్ను పత్రికలకు రాయించింది. మొదటి రెండు వ్యాసాల్లో తప్పులు చేశాను. అవి మీరు చేయకుండా ఉండటానికి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెబుతాను.

మొదటి పని: అధ్యాయాన్ని పక్కన పెట్టి, ఒక ప్రశ్న పట్టుకోండి

అందరం ముందుగా చేసే పొరపాటు, ఒక అధ్యాయాన్ని తీసుకుని కుదించబోవడం. నలభై పేజీలను నాలుగు పేజీలు చేస్తే అది వ్యాసం అవదు, సారాంశం అవుతుంది. సారాంశాన్ని పరీక్ష ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చదవరు.

అధ్యాయంలో మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. నా మూడో అధ్యాయం పేరు 'దక్షిణ ఒడిశాలో నేత కులాల వలస, స్థిరనివాసం'. దాని లోపల ఉన్న ప్రశ్న ఇది: బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి గుడి వదిలి పుట్టింటికి వస్తుంది కదా, ఆ పుట్టిల్లు తెలుగు నేతవాళ్ల వీధిలో ఎందుకుంది? దేరా అని పిలిచే ఆ నేతవాళ్ల పెద్ద అయిన దేశిబెహెరా దంపతులు అమ్మవారికి తల్లిదండ్రుల స్థానంలో ఎందుకు నిలబడతారు? బరంపురంలో పుట్టినవాళ్లెవరిని అడిగినా ఆ యాత్ర చూశామంటారు. ఈ 'ఎందుకు' మాత్రం చాలామంది అడగలేదు. చూసిన విషయమే, అడగని ప్రశ్న. వ్యాసానికి ఇంతకంటే మంచి మొదలు నాకు ఇంకా దొరకలేదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి చిన్న రైలు వేయించారు. 1931 నాటికి అది గుణుపురం దాకా వెళ్లింది. 2011లో అదే దారిలో పెద్ద లైను వచ్చింది. థీసిస్‌లో ఇది 'జమీందారీ పాలనలో రవాణా వ్యవస్థ' అవుతుంది. వ్యాసంలో మాత్రం 'ఒక జమీందారుకు సొంత రైలు ఎందుకు కావలసి వచ్చింది?' అని అడగాలి. గుణుపురం బండి ఎక్కే ప్రతివాళ్లకూ జవాబు తెలుసుకోవాలనిపిస్తుంది.

మీ ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మీ సబ్జెక్టు తెలియని మీ పిన్నితోనో మేనమామతోనో ఒక్క వాక్యంలో చెప్పండి. "అవునా, ఎందుకు?" అంటే రాయండి. "ఓహో" అని ఊరుకుంటే ఇంకోటి వెతకండి.

గైడ్‌కి ముందే చెప్పండి

దీని మీద పెద్దగా చెప్పేదేమీ లేదు గానీ, వదిలేస్తే టెన్షన్ తప్పదు. వ్యాసం అచ్చయ్యాక గైడ్ పేపర్లో చూసి తెలుసుకోకూడదు. ముందే వెళ్లి, ఏ ప్రశ్న మీద రాస్తున్నారో, థీసిస్‌లోని ఏ భాగం బయటపెట్టడం లేదో చెప్పండి. మీ కొత్త వాదన, మీరు తయారుచేసిన పట్టికలు థీసిస్ కోసం దాచుకోండి. పత్రికకు ఒక కథ, ఒక ప్రశ్న, రెండు మూడు ఆధారాలు చాలు.

ఇంకో జాగ్రత్త. థీసిస్ వాక్యాలను వ్యాసంలోకి గానీ, వ్యాసం వాక్యాలను థీసిస్‌లోకి గానీ కాపీ చేయకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే థీసిస్‌ను సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు. ఇంగ్లీషులో రాసిన వ్యాసం నెట్‌లో ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా పట్టుకుంటుంది. ఎలాగూ పాఠకులు వేరు, భాష వేరు కాబట్టి మొదటి మాట నుంచి కొత్తగా రాయాల్సిందే.

అనుమతి రెండోసారి అడగాలి

ఈ భాగం నిదానంగా చదవండి. ఇక్కడ తప్పు చేస్తే దిద్దుకోవడం కష్టం.

ఫీల్డ్‌వర్క్‌లో మీరు ఒక కాగితం చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకుని ఉంటారు. 'చదువు కోసం మాత్రమే' అని చెప్పి ఉంటారు. పత్రిక చదువు కాదు. థీసిస్‌ను పదిమంది చదివితే పత్రికను ఆ వీధివాళ్లంతా చదువుతారు. అందుకని ఎవరి మాట వాడుకోవాలనుకుంటే వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి, మూడు విషయాలు విడివిడిగా అడగండి. ఈ మాట పత్రికలో వేయవచ్చా? పేరు వేయవచ్చా? ఫొటో వేయవచ్చా? మూడింటికీ ఒకే జవాబు రావాలని లేదు. మాట వేసుకో, పేరు వద్దు అనేవాళ్లే ఎక్కువ.

పేరు తీసేస్తే సరిపోతుందని అనుకోకండి. మనవి చిన్న ఊళ్లు. 'ఫలానా సాహిలో ఇంకా గుంట మగ్గం మీద నేస్తున్న ఎనభై ఏళ్ల పెద్దాయన' అని రాస్తే ఆ సాహిలో, అంటే ఆ వీధిలో, అందరికీ తెలిసిపోతుంది. ఆయన మీతో, పోగిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర తీసుకున్న అప్పు గురించి చెప్పి ఉంటే, అది మర్నాడే ఆయన గుమ్మంలోకి వస్తుంది. వయసో, వీధో, పనో ఏదో ఒకటి తీసేయండి. అప్పు, ఇంట్లో గొడవ, కులం మాట, ఆఫీసు మీద ఫిర్యాదు లాంటివి ఎవరి నోటి నుంచి వచ్చాయో తెలిసేలా రాయాల్సి వస్తే, రాసిన పేరాను వాళ్లకు చదివి వినిపించి, సరే అన్నాకే పంపండి.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. బడి మానేసి మగ్గం దగ్గరో వలల దగ్గరో పనిచేస్తున్న పిల్లల పేరు, ముఖం వేయకండి. తల్లిదండ్రులు ఒప్పుకున్నా వేయకండి.

ఒకసారి ఒక మామ్మగారు అన్నీ చెప్పి, వ్యాసం పంపబోయే ముందు రోజు వద్దన్నారు. వ్యాసంలో మంచి పేరా అదే. తీసేశాను. బాధగా ఉండింది, కానీ ఆ ఇంటికి ఇప్పటికీ వెళ్లగలుగుతున్నాను.

కాగితాల కోసం ఎక్కడికి వెళ్లాలి

నోటిమాట ఒక్కదాని మీద వ్యాసం నిలబడదు. కాగితం ఒక్కదాని మీద కూడా నిలబడదు. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే అసలు సంగతి కనిపిస్తుంది.

మన ప్రాంతానికి కాగితాల విషయంలో ఒక చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయింది. అంతవరకు బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఇప్పటి కోరాపుట్, రాయగడ ప్రాంతాలు అప్పటి విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీ కింద ఉండేవి. అందుకని 1936కి ముందు సంగతులు వెతకాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి, ఆ తర్వాతివి అయితే భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఒకే కుటుంబం చరిత్ర కోసం రెండు రైళ్లు ఎక్కాలన్నమాట. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో పరిచయ లేఖ తీసుకోకుండా బయల్దేరకండి.

ఇంట్లో కూర్చుని చేయగలిగినవి కూడా ఉన్నాయి. బ్రిటిషు కాలపు జిల్లా మాన్యువళ్లు, గెజిటీర్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. గంజాం మాన్యువల్ 1882 నాటిది, విశాఖపట్నం గెజిటీర్ 1907 నాటిది. కానీ ఒక మాట. అవి పన్ను వసూలు చేసేవాళ్లు రాసుకున్న పుస్తకాలు. కులాల గురించి, కొండవాళ్ల గురించి అందులో ఉన్న మాటలను నిజమన్నట్టు ఎత్తి రాయకండి. 'ఆ కాలపు అధికారి ఇలా రాసుకున్నాడు' అని చెప్పి, పక్కనే ఇవాళ్టి మనిషి మాట పెట్టండి.

జిల్లాలో తెలుగువాళ్లు ఎంతమంది అన్న ప్రశ్న వస్తే, ఎవరో చెప్పిన అంకె రాయకండి. 2011 జనాభా లెక్కల్లో మాతృభాషల పట్టిక ఉంది, దాని పేరు సీ-16. అందులో చూసి రాయండి. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే లెక్కల్లో ఒడియా అని రాయించినవాళ్లు నాకు చాలామంది ఎదురయ్యారు. అంకె ఇచ్చిన చోటే ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇటీవలి సంగతులకు సమాచార హక్కు చట్టం ఉంది. ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. ఒడిశాలో దీనికి ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. 'చేనేత సొసైటీల వివరాలు ఇవ్వండి' అని అడిగితే ఏమీ రాదు. 'ఈ బ్లాకులో, ఈ రెండు ఆర్థిక సంవత్సరాల్లో, ఎన్ని సొసైటీలు పనిచేశాయి, ఒక్కోదానిలో సభ్యులు ఎంతమంది' అని అడిగితే వస్తుంది.

పాత పత్రికలు మరిచిపోవద్దు. శశిభూషణ్ రథ్ 1913లోనే బరంపురం నుంచి 'ఆశ' అనే ఒడియా వారపత్రిక మొదలుపెట్టారు. మన వీధుల గురించి వందేళ్ల కింద పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవాలంటే అలాంటి పాత సంచికలు చూడాలి. ఒడియా చదవడం వచ్చిన తెలుగువాళ్లం మనమే కాబట్టి, ఈ పని మనకంటే బాగా చేయగలిగినవాళ్లు లేరు.

సరిహద్దు గొడవల మీద రాసేటప్పుడు ఇంకో నియమం పెట్టుకోండి. కొటియా గ్రామాల సంగతే చూడండి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఆ వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఊళ్ల పేర్లు కూడా రెండు రకాలుగా రాస్తారు. అక్కడివాళ్లలో రెండు వైపుల నుంచీ రేషన్ కార్డులు తెచ్చుకున్నవాళ్లున్నారు. అలాంటి చోటు గురించి రాస్తే రెండు పేర్లూ ఇవ్వండి, రెండు వైపుల మాటా ఇవ్వండి, 'మన ఊళ్లు' అన్న మాట వాడకండి. అక్కడ ఉంటున్నవాళ్లు ఏమనుకుంటున్నారో రాయడమే మీ పని.

ఇక రాయడం

మొదటి పేరాలో మనిషి ఉండాలి, చోటు ఉండాలి, మీ ప్రశ్న ఉండాలి. 'ప్రాచీన కాలం నుంచి చేనేతకు మన దేశంలో విశిష్ట స్థానం ఉంది' అని మొదలుపెడితే ఎడిటర్ అక్కడే ఆపేస్తారు. నేను అలాగే మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటి పేరా రాసి పక్కన పెడతాను. మొత్తం వ్యాసం అయ్యాక దాన్ని కొట్టేసి చూస్తాను. చాలాసార్లు రెండో పేరానే అసలు మొదలు.

థీసిస్ భాషను విప్పాలి. నా థీసిస్‌లో ఒక వాక్యం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: 'వలస వచ్చిన నేత సముదాయం స్థానిక మతాచారంలో కీలక స్థానం పొందడం ద్వారా తన సామాజిక హోదాను స్థిరపరచుకుంది.' తప్పేమీ లేదు, కానీ మనిషి కనబడడు. పత్రికలో దాన్ని ఇలా రాశాను: 'మగ్గాలతో పాటు తమ మాట కూడా మోసుకొచ్చిన ఈ కుటుంబాలు ఊరికి పట్టు నేసి ఇచ్చాయి. ఊరు వాళ్లను అమ్మవారి పుట్టింటివాళ్లను చేసుకుంది.' చెప్పిన విషయం అదే. ఎవరు ఏం చేశారో ఇప్పుడు కనిపిస్తోంది.

ఫుట్‌నోట్లు పెట్టలేరు కదా అని ఆధారాలు వదిలేయకూడదు. వాటిని వాక్యంలోకి తీసుకురండి. 'చెన్నై ఆర్కైవ్స్‌లో ఉన్న ఒక కలెక్టరు ఉత్తరంలో', 'మా అమ్మమ్మ చెప్పేదని ఆవిడ అన్నారు', '2011 లెక్కల ప్రకారం' అంటే చాలు. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు, మీరు ఊహించినదాన్ని ఊహ అని చెప్పండి. చదువుకున్నవాళ్ల రాతకూ మామూలు వార్తకూ తేడా ఇక్కడే ఉంటుంది, ఇది వదులుకోకండి.

పనిమాటలను పనివాళ్లవే వాడండి. పడుగు, పేక, కండె, నాడె, ఆసు. పక్కన కుండలీకరణంలో అర్థం రాయనక్కర్లేదు. 'ఇంటి ఆడవాళ్లు కండెలు చుట్టి ఇస్తేనే ఆయన నాడె కదులుతుంది' అంటే, మగ్గం ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా అర్థమవుతుంది. ఆడవాళ్ల పని ఎంతో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు నా పెద్ద తప్పు. మొదటి వ్యాసంలో ఆ తాతగారి మాటలన్నీ పాఠ్యపుస్తకం తెలుగులోకి మార్చి రాశాను. గౌరవంగా ఉంటుందనుకున్నాను. అచ్చయ్యాక తీసుకెళ్లి చదివి వినిపిస్తే, ఆయన కాసేపు విని, "ఇది నా మాట కాదమ్మా" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. అర్థం మారలేదని నేను చెప్పబోయాను. ఆయనకు కావలసింది అర్థం కాదు.

ఈ విషయంలో మనకు దగ్గరలోనే ఒక పెద్దాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట విని, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ చెవితోనే తెలుగువాళ్ల మాట కూడా విన్నారు. జనం నోట్లో ఉన్న తెలుగునే బడిలోనూ పుస్తకంలోనూ రాయాలని జీవితమంతా వాదించారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినందుకు నిరసనగా 1936లో ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పనిచేసిన ఊరి పక్కనే ఉండి, నేను ఒక నేతపనివాడి మాటను దిద్దాను.

అలాగని ప్రతి మాటనూ యాసలోకి విరిచి రాయకండి. మన వైపు మాటను సినిమాల్లో నవ్వుకోవడానికే వాడుకున్నారు. అతిగా రాస్తే పాఠకులు ఆయన చెప్పినది వదిలి యాసను చూస్తారు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: మాటలు ఆయనవే, వరస ఆయనదే, స్పెల్లింగు మాత్రం చాలావరకు అందరూ చదవగలిగేది. 'బేగి', 'ఏటి', 'సాహి', 'అప్ప' లాంటివి అలాగే ఉంచుతాను. 'మా సాహిలో ఏటి జరిగినా ముందు మా అప్పకే తెలుస్తాది' అన్న వాక్యాన్ని ముట్టుకోను. అందులో సాహి ఒడియా నుంచి వచ్చింది, అప్ప మన వైపు అక్క. ఒక్క వాక్యంలో ఈ ఊరి చరిత్ర ఉంది.

రాశాక పైకి చదవండి. ఎక్కడ ఊపిరి ఆగుతుందో అక్కడ వాక్యం విరగాలి. ఎనిమిది వందల మాటల్లో ముగించండి. ఆదివారం ప్రత్యేక పేజీకైతే వెయ్యి, పన్నెండు వందలు. అంతకంటే ఎక్కువ పంపితే డెస్క్ కత్తిరిస్తుంది. ఏది కత్తిరించాలో మీకు తెలిసినంతగా వాళ్లకు తెలియదు.

ఎవరికి, ఎప్పుడు పంపాలి

సందర్భం చూసుకోండి. నేత గురించి అయితే ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. భాష గురించి అయితే ఆగస్టు 29, గిడుగు పుట్టినరోజు, లేదా ఫిబ్రవరి 21, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1936 విభజన గురించి అయితే ఏప్రిల్ 1, ఉత్కళ దివస్. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే జాలర్ల గురించి రాస్తే అక్టోబరు 12. 2013లో ఆ రోజు ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటింది. ఏ తేదీ ఎంచుకున్నా, దానికి మూడు వారాల ముందు వ్యాసం ఎడిటర్ చేతిలో ఉండాలి. ముందు రోజు పంపితే ఎంత బాగున్నా లాభం లేదు.

ముందు వ్యాసం పంపకుండా ఒక చిన్న ఉత్తరం పంపండి. నేను రాసేది ఇంత: 'ఎడిటర్ గారికి నమస్కారం. నేను బరంపురం విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధక విద్యార్థినిని. ఠాకురాణి యాత్రలో అమ్మవారి పుట్టిల్లు తెలుగు నేతవాళ్ల వీధి ఎందుకైందో వివరిస్తూ ఎనిమిది వందల మాటల వ్యాసం రాస్తున్నాను. ఆ వీధిలోని కుటుంబాలతో రెండేళ్లుగా మాట్లాడుతున్నాను, పాత రికార్డులు చూశాను. ఫొటోలు నావే. చేనేత దినోత్సవానికి మీ పత్రికకు పనికొస్తుందంటే జులై పదిహేనో తేదీ లోపల పంపగలను.' అంతే. బయోడేటా జతచేయకండి. పారితోషికం ఇస్తారో లేదో అప్పుడే అడగండి, అడగడంలో సిగ్గు లేదు. వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, ఇంకో పత్రికకు వెళ్లండి. ఒకే వ్యాసం ఒకేసారి ఇద్దరికి పంపవద్దు.

వ్యాసాన్ని యూనికోడ్‌లో మెయిల్ లోపలే అతికించి, ఫైలు కూడా జతచేయండి. కొన్ని పత్రికల్లో ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతున్నారు. మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి. అందుకని ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చివర మళ్లీ ఒకసారి విడిగా రాసి పెట్టండి.

శీర్షిక మీరే ఇవ్వండి. ఒకటి కాదు, మూడు ఇవ్వండి. నేను ఇవ్వలేదు. నా రెండో వ్యాసానికి ఒక పత్రిక డెస్క్ వాళ్లు 'పరాయి గడ్డపై దిక్కులేని తెలుగు' అన్న అర్థంలో శీర్షిక పెట్టారు. లోపల నేను రాసింది, ఈ కుటుంబాలు ఈ ఊరివాళ్లే అని. వీధివాళ్లు చాలా నొచ్చుకున్నారు. "మేం పరాయోళ్లమా?" అని ఒకరు నన్నే అడిగారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. అప్పటి నుంచి ప్రతి మెయిల్‌లో ఒక వాక్యం కలుపుతున్నాను: 'ఈ కుటుంబాలు తరతరాలుగా ఈ ఊరివే. శీర్షికలోనూ ఫొటో కింద మాటలోనూ అలా కాదన్న అర్థం రాకుండా చూడమని కోరుతున్నాను.' దాన్ని పట్టించుకున్న ఎడిటర్లే ఎక్కువ.

ఒడియాలో కూడా రాయండి. ఇది సలహా అనడం కంటే నా బలమైన అభిప్రాయం అనడమే నిజం. తెలుగు పత్రికలో వస్తే ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపువాళ్లు చదువుతారు. పక్కింటి ఒడియావాళ్లు, వార్డు మెంబరు, చేనేత ఆఫీసులో కూర్చున్న అధికారి చదవాలంటే అది ఒడియాలో ఉండాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఒడియా బాగా రాసే స్నేహితురాలితో కలిసి కూర్చోండి. అనువాదం చేయమనవద్దు. మీరు కథ చెప్పండి, ఆమెను తన మాటల్లో రాయనివ్వండి. పేర్లు ఇద్దరివీ వేయించండి. తెలుగు పాఠకులకు ఠాకురాణి యాత్ర ఏమిటో వివరించాలి. ఒడియా పాఠకులకు దాని బదులు దేరా కుటుంబాల ఇళ్లలో ఏ భాష నడుస్తుందో వివరించాలి. అందుకే రెండూ ఒకే వ్యాసం కాలేవు.

అచ్చయ్యాక చేయాల్సిన పని

పత్రిక వచ్చిన రోజే అయిదారు కాపీలు కొనండి. మర్నాటికి దొరకవు. ఫోన్‌లో లింకు పంపి ఊరుకోకండి.

నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటి ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడే ఈ వీధుల్లో తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. బడి ఒడియాలో జరిగింది కాబట్టి అక్షరాలు ఒడియావే వచ్చు. అందుకని పత్రిక చేతిలో పెట్టి వచ్చేయడం సరిపోదు. కూర్చుని చదవాలి. మొత్తం చదవాలి, నెమ్మదిగా. నేను సాయంత్రం మగ్గం దిగే వేళకు వెళ్తాను. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు వస్తారు. చదువుతుంటే మధ్యలో ఆపుతారు. 'అలా కాదు, మా నాన్న కాలానికే ఆ మగ్గం పోయింది', 'ఆ పేరు మా చిన్నాన్నది, పెదనాన్నది కాదు' అంటారు. అప్పుడు వాదించకండి. నోట్సు తీయండి.

పెద్ద తప్పు ఉంటే ఆ రాత్రే ఎడిటర్‌కు రాయండి, సవరణ వేయమని అడగండి. ఏ తేదీ సంచిక, ఏ పేరా, తప్పు ఏమిటి, ఒప్పు ఏమిటి అని నాలుగు ముక్కల్లో రాస్తే వేస్తారు. నెట్‌లో ఉన్న వ్యాసాన్ని కూడా దిద్దమనండి. చిన్న తప్పులు, కొత్తగా తెలిసిన సంగతులు తారీఖుతో సహా ఫీల్డ్ నోట్సులోకి ఎక్కించండి. అవి థీసిస్‌కు కూడా పనికొస్తాయి. నా మూడో అధ్యాయంలో రెండు ఫుట్‌నోట్లు అలా వ్యాసం చదివి వినిపించిన సాయంత్రాల్లో దొరికినవే.

మూడో వ్యాసం ఆ తాతగారికి చదివి వినిపించినప్పుడు ఆయన మధ్యలో ఒక్కసారే ఆపారు. పడుగు పోగుల లెక్క ఒకచోట తప్పు రాశానట. దిద్దించుకుని, కాపీ మడిచి, మగ్గం పక్కనున్న గూట్లో పెట్టుకున్నారు.